షుగర్ ఉన్న ముగ్గురిలో ఒకరికి కళ్ళు పోతాయంటున్నారు, నిజమేనా?

బందరు_లడ్డు
మా వాట్సాప్ గ్రూపులో ఒక ఫార్వర్డ్ తెగ తిరుగుతోంది. "షుగర్ ఉన్న ప్రతి ముగ్గురిలో ఒకరికి చూపు పోతుంది" అని రాసి, కింద ఎర్రటి కన్ను బొమ్మ పెట్టారు. మా అమ్మకి 58 ఏళ్ళు, షుగర్ వచ్చి పదకొండేళ్ళు దాటింది. అది చూసిన దగ్గర్నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. మొన్న షుగర్ డాక్టరు కూడా రెటీనా, అంటే కంటి లోపలి తెర, చూపించుకోమని చీటీ రాసిచ్చారు. అమ్మేమో "అద్దాలు పెట్టుకుంటే పేపర్లో చిన్నక్షరాలు కూడా చదువుతున్నా, సూదిలో దారం ఎక్కిస్తున్నా, నాకెందుకురా ఆ పరీక్షలు" అంటోంది. అసలు షుగర్ వల్ల రెటీనా దెబ్బతినే ఈ జబ్బు, అదే రెటినోపతీ, ఎంతమందికి వస్తుంది? నెట్‌లో ఒకచోట 35 శాతం, ఒకచోట 17, ఇంకోచోట 12 అని ఉంది. ఏది నమ్మాలి?

సీమ_మిరప
పేరేమో బందరు లడ్డు, అడిగేదేమో షుగర్ గురించి. బాగుంది.

బందరు_లడ్డు
అది ఊరి మీద అభిమానమండీ, రోజూ తింటామని కాదు :)

లెక్కల_మాస్టారు
మూడూ నిజమైన అంకెలే. లెక్కపెట్టిన జనం వేరు, అంతే. 35 అనేది 2012లో వచ్చిన ప్రపంచ లెక్క. రకరకాల దేశాల అధ్యయనాలు కలిపి చూస్తే షుగర్ ఉన్నవాళ్ళలో 34.6 శాతం మందికి రెటీనాలో ఏదో ఒక స్థాయిలో తేడా కనిపించింది. చూపుకి ముప్పు తెచ్చేంత ముదిరింది మాత్రం 10.2 శాతం మందిలో. ఆ ఫార్వర్డ్ రాసిన మహానుభావుడు మొదటి అంకె పట్టుకుని "కళ్ళు పోతాయి" అని తగిలించాడు. రెటినోపతీ ఉండటం వేరు, చూపు పోవడం వేరు. తర్వాత 2021లో మళ్ళీ లెక్క వేస్తే ప్రపంచ సగటు 22 శాతం దగ్గర తేలింది.

మన దేశం సంగతికొస్తే, 2015 నుంచి 2019 దాకా జరిగిన జాతీయ సర్వేలో 50 దాటిన షుగర్ వాళ్ళలో 16.9 శాతం మందికి ఉంది, ముప్పు స్థాయి 3.6. 2022లో వచ్చిన స్మార్ట్ ఇండియా అధ్యయనంలో 40 దాటినవాళ్ళని చూస్తే 12.5, ముప్పు స్థాయి 4. మీకు కనిపించిన 17, 12 ఇవే అయ్యుంటాయి.

సీమ_మిరప
అంటే నూటికి 96 మందికి ఏమీ కాదు. అదీ సంగతి. ఇంత గోల ఎందుకు మరి? ఆసుపత్రులకి పని కావాలి కాబట్టి.

లెక్కల_మాస్టారు
ఏమీ కాదు అని కాదు, "ఆ రోజుకి ముప్పు స్థాయికి చేరలేదు" అని. పైగా మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10.1 కోట్లని 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం చెప్పింది. ఆ 4 శాతం 40 దాటినవాళ్ళ లెక్క కాబట్టి నేరుగా గుణించకూడదు గానీ, ఎటు చూసినా లక్షల్లోనే తేలుతుంది. శాతం చిన్నదే, జనం తక్కువేం కాదు.

చుక్కలమందు
నేను విజయవాడలో ఆప్టోమెట్రిస్టుని. రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనాల కళ్ళలో చుక్కలు వేయడమే నా పని, అందుకే ఈ పేరు.

మాస్టారి లెక్కలు సరే గానీ, మీ అమ్మగారి విషయంలో సగటు అంకెతో పని లేదు. షుగర్ వచ్చి ఎన్నేళ్ళయింది అన్నదే పెద్ద ప్రశ్న. చెన్నైలో జరిగిన క్యూర్స్ అధ్యయనంలో మొత్తం మీద 17.6 శాతం. విడదీసి చూస్తే, షుగర్ అప్పుడే బయటపడినవాళ్ళలో 5.1, ముందునుంచీ ఉన్నవాళ్ళలో 20.8. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలో 1980ల్లో చూసినప్పుడైతే, టైప్ 1 (ఒంట్లో ఇన్సులిన్ తయారవ్వని రకం) వచ్చి ఇరవయ్యేళ్ళు దాటినవాళ్ళలో దాదాపు అందరికీ ఉంది, టైప్ 2లో (ఎక్కువగా పెద్దయ్యాక వచ్చే మామూలు రకం) సగానికి పైగా. అప్పటి మందులు వేరు, ఇప్పుడు పరిస్థితి అంత ఘోరంగా లేదు. కానీ ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతుందన్నది మాత్రం మారలేదు. అందుకే షుగర్ వచ్చి రెండేళ్ళయినవాళ్ళనీ ఇరవయ్యేళ్ళయినవాళ్ళనీ ఒకే గుంపులో వేసి తీసిన శాతం ఇంట్లోవాళ్ళకి ఎందుకూ పనికిరాదు.

ఆ 5.1 చూశారా? కొత్తగా బయటపడిన రోజుకే రెటీనాలో మచ్చలున్నాయి. టైప్ 2 షుగర్ బయటపడకముందే కొన్నేళ్ళు ఒంట్లో తిరుగుతుంది కాబట్టి. అందుకే టైప్ 2 వాళ్ళకి షుగర్ తేలిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి చూపించుకోమంటారు.

హన్మకొండ_శీను
చిన్నక్షరాలు చదువుతున్నా అనే మాట మా బాపు కూడా అనేవాడు. ముందురోజు రాత్రి దాకా టీవీలో స్క్రోలింగ్ చదివిండు. తెల్లారి లేచేసరికి ఎడమ కన్ను ముందర నల్లటి దారాలు వేలాడుతున్నయి అన్నడు. కన్ను కదిపితే అవి కూడా కదులుతున్నయట. ఏదో నలక పడ్డదని పంపు కాడ నిలబడి నీళ్ళు కొట్టుకుంటనే ఉన్నడు. మధ్యాహ్నానికి ఆ దారాలు కలిసిపోయి ఎర్రటి పొగ లెక్క అయింది. ఆసుపత్రికి పోతే కంటి లోపల రక్తం కారింది అన్నరు. షుగర్ వచ్చి అప్పటికి పదిహేనేళ్ళు. అప్పటిదాకా నొప్పి లేదు, దురద లేదు, ఏమీ లేదు. పైగా రెండో కంట్లో కూడా మొదలైందని చెప్పిండ్రు. ఆ కన్నుతో ఇప్పటికీ మంచిగనే కనిపిస్తది ఆయనకు.

బందరు_లడ్డు
వామ్మో. నొప్పి కూడా ఉండదా?

చుక్కలమందు
ఉండదు. శీను గారు చెప్పింది అచ్చంగా మేము వారం వారం వినే కథే. మనం అక్షరాలు చదివేది రెటీనా మధ్యలో ఉండే చిన్న చుక్కంత భాగంతో, దాన్ని మాక్యులా అంటారు. జబ్బు దాని చుట్టూ ఎంత పాకినా మధ్యభాగం బాగున్నంత వరకు చార్టులో ఆఖరి లైను కూడా చదివేస్తారు.

లోపల జరిగేది ఏమిటంటే, ఏళ్ళ తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే రెటీనాలో వెంట్రుక కన్నా సన్నటి రక్తనాళాల గోడలు దెబ్బతింటాయి. అక్కడక్కడ ఉబ్బుతాయి, కారతాయి. కారింది మాక్యులా దగ్గరైతే అది చెమ్మ దిగిన గోడలా ఉబ్బి అక్షరాలు వంకరగా, మసకగా కనిపిస్తాయి. ఇంకొన్ని నాళాలు మూసుకుపోతాయి. రక్తం అందని చోటు ఆక్సిజన్ కోసం ఒక రసాయనాన్ని వదులుతుంది, దాంతో కొత్త నాళాలు మొలుస్తాయి. ఆ కొత్తవి మహా పెళుసు. తుమ్మినా దగ్గినా కూడా చిట్లిపోవచ్చు, నిద్రలో కూడా చిట్లొచ్చు. బాపు గారికి జరిగింది అదే.

పొన్నగంటి_కూర
మా నాన్నమ్మకి తొంభై ఏళ్ళు వచ్చినా అద్దాలు లేవు. వారానికోసారి పొన్నగంటి కూర పప్పు, రాత్రిళ్ళు కళ్ళ మీద నందివర్ధనం పూలు, అప్పుడప్పుడు ఒక తేనె చుక్క. ఈ లేజర్లు ఇంజెక్షన్లు వచ్చాకే జనానికి రోగాలు వచ్చాయి.

నైట్‌డ్యూటీ
పొన్నగంటి కూర భేషుగ్గా తినండి, ఆకుకూర షుగర్ వాళ్ళకి మంచిదే. నందివర్ధనం చల్లగా ఉంటుంది, పెట్టుకోండి. తేనె మాత్రం కంట్లో వేయకండి. పైన వేసిన చుక్క రెటీనా దాకా పోదు, పైపొరకి ఇన్‌ఫెక్షన్ మాత్రం తెస్తుంది. ఇంతకీ నాన్నమ్మగారికి షుగర్ ఉందా?

పొన్నగంటి_కూర
లేదు.

హన్మకొండ_శీను
ఇంక ముచ్చట అయిపోయింది కదా.

సీమ_మిరప
నా అనుమానం వేరే. మా మామని ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే లోపలికి అడుగు పెట్టగానే ఓసీటీ అన్నారు, యాంజియో అన్నారు, ఫోటోలన్నారు. బిల్లు చూసి ఆయనకి బీపీ వచ్చింది. చివరికి "ప్రస్తుతానికి ఏమీ లేదు, ఏడాదికి రండి" అన్నారు. ఏమీ లేనప్పుడు ఇన్ని పరీక్షలు ఎందుకు? నేను తప్పుగా అడుగుతున్నానా?

చుక్కలమందు
తప్పేమీ లేదు. మొదటిసారి చూడటానికి చుక్కలతో కంటిపాపను పెద్దది చేసి డాక్టరు రెటీనా చూస్తే చాలు, లేదంటే ఒక ఫండస్ ఫోటో, అంటే రెటీనా ఫోటో. మాక్యులా ఉబ్బిందేమో అని అనుమానం వస్తే అప్పుడు ఓసీటీ, అంటే రెటీనా పొరల స్కానింగ్. ఇక యాంజియో, అంటే చేతికి రంగు మందు ఎక్కించి తీసే ఫోటోలు, ఇప్పుడు చాలామందికి అవసరం పడదు. అది చేసిన రోజు ఒళ్ళు, మూత్రం పచ్చగా వస్తాయి, కామెర్లు వచ్చాయనుకుని అర్ధరాత్రి మాకు ఫోన్లు చేస్తారు. ఏ పరీక్ష ఎందుకు రాశారో అక్కడే అడగండి, చెప్పడం వాళ్ళ బాధ్యత.

ఖర్చు భయమైతే మీ సీమలోనే కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉంది, అటు విశాఖలో ఒకటి. హైదరాబాద్‌లో మెహదీపట్నం సరోజినీదేవి. ఎల్వీ ప్రసాద్‌లో డబ్బు కట్టలేనివాళ్ళకి ఉచితంగా చూసే పద్ధతి మొదటినుంచీ ఉంది.

బందరు_లడ్డు
పరీక్ష ఎలా ఉంటుందో కాస్త చెప్పండి, అమ్మకి చదివి వినిపిస్తాను.

చుక్కలమందు
ముందు చార్టు చదివిస్తారు, కంటి ప్రెషర్ చూస్తారు. తర్వాత చుక్కలు. ఒక్క క్షణం చురుక్కుమంటుంది. కళ్ళు మూసుకుని కూర్చోమంటాం, పాప పెద్దదవడానికి అరగంట పైనే పడుతుంది. షుగర్ ముదిరినవాళ్ళకి పాప మొండికేస్తుంది, మళ్ళీ మళ్ళీ వేయాలి. అందుకే మా దగ్గర "ఇంకా ఎంతసేపు బాబూ" అన్న మాట రోజంతా వినిపిస్తూ ఉంటుంది. ఆ తర్వాత డాక్టరు నుదుటికి లైటు పెట్టుకుని, చేతిలో భూతద్దం లాంటిది పట్టుకుని "పైకి చూడండి, కిందికి చూడండి" అంటూ నలువైపులా చూస్తారు. వెలుతురు ఇబ్బందిగా ఉంటుంది, నొప్పి ఉండదు. బయటికొచ్చాక ఎండ కళ్ళలో గుచ్చుకుంటుంది, నాలుగైదు గంటలు దగ్గరి అక్షరాలు కనపడవు. బండి నడపకూడదు. నల్లద్దాలు, తోడుగా ఒక మనిషి, టిఫిను డబ్బా, ఈమధ్య చేయించిన, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ కాగితం తీసుకెళ్ళండి. షుగర్ మాత్ర వేసుకుని ఖాళీ కడుపుతో కూర్చుని కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళని చూశాను.

కళ్ళజోళ్ళ షాపులో కంప్యూటర్ పరీక్ష దీనికి బదులు కాదు. అది పవర్ చెబుతుంది, అంతే.

పల్నాటి_పిల్ల
మా అత్తయ్య "కంటి వెలుగులో చూశారు, కళ్ళు బాగున్నాయన్నారు" అని దానితో సరిపెట్టేసింది.

లెక్కల_మాస్టారు
చాలామంది అదే అనుకుంటున్నారు. ఆ ప్రభుత్వ పథకం తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైంది, ఆంధ్రలో 2019 అక్టోబర్ 10న అనంతపురంలో. ఆ శిబిరాల్లో ప్రధానంగా చూసింది దృష్టి, అద్దాల పవర్, శుక్లాలు. చత్వారం అద్దాలు లక్షలమందికి దొరికాయి, మంచి పనే. అయితే అద్దాలు ఇచ్చారంటే రెటీనా బాగుందని సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు.

లీసెస్టర్_కోడలు
ఇక్కడ ఇంగ్లండ్‌లో షుగర్ ఉందని రికార్డులోకి ఎక్కితే చాలు, పన్నెండేళ్ళు దాటిన అందరికీ ఇంటికే ఉత్తరం వస్తుంది. మా ఆయనకి టైప్ 2. వెళ్ళామంటే చుక్కలు వేసి ఫోటో తీసి పంపేస్తారు, అక్కడ డాక్టరు కూడా ఉండడు. కొన్ని వారాలకి ఇంకో ఉత్తరం. ఆఖరుగా వచ్చినదాంట్లో ఆర్1, ఎం0 అని ఉంది. ఆర్1 అంటే మచ్చలు మొదలయ్యాయి, ఎం0 అంటే మాక్యులా బాగుంది. ఆ కాగితం ఫ్రిజ్ మీద అంటించాను, స్వీట్ కోసం తలుపు తీసినప్పుడల్లా కనపడాలని.

సీమ_మిరప గారూ, మీరు ఇదంతా వ్యాపారం అంటున్నారు. ఇక్కడ రోగి దగ్గర రూపాయి తీసుకోరు. 2003లో మొదలుపెట్టి దేశమంతా చేశారు. ఇంగ్లండ్, వేల్స్‌లో పనిచేసే వయసువాళ్ళకి చూపు పోవడానికి యాభై ఏళ్ళ పాటు మొదటి కారణంగా ఉన్నది ఇదే. 2009-10 లెక్కలు తీస్తే ఆ మొదటి స్థానం వేరే జబ్బులకి పోయింది. ఫోటో తీయడం ఒక్కటే కారణం కాకపోవచ్చు, షుగర్ వైద్యం కూడా మెరుగైంది. కానీ ముందుగా పట్టుకోవడం వల్ల లాభం లేదని మాత్రం అనలేం.

సీమ_మిరప
సరే, పరీక్ష వద్దని నేను అనలేదు. మనకి ఉత్తరం రాసే నాథుడు లేడు అంటున్నా. ఇక్కడ షుగర్ డాక్టరు కళ్ళ సంగతి అడగడు, కళ్ళ డాక్టరు షుగర్ సంగతి అడగడు. మధ్యలో మనిషి.

నైట్‌డ్యూటీ
ఇది ఒప్పుకోవాల్సిందే. ఓపీలో ఒక్కో మనిషికి దొరికే నిమిషాల్లో మాత్రలు మార్చడంతోనే సరిపోతుంది.

షుగర్ ఒక్కటే చూసుకుంటే చాలనుకోకండి. బ్రిటన్‌లో 1998లో ఫలితాలొచ్చిన యూకేపీడీఎస్ అధ్యయనంలో బీపీని గట్టిగా అదుపులో పెట్టినవాళ్ళలో రెటినోపతీ ముదరడం మూడో వంతు దాకా తగ్గింది. కిడ్నీ కూడా చూపించుకోండి. కంట్లో మచ్చలున్నవాళ్ళకి మూత్రంలో ప్రోటీన్ పోతుండటం మామూలుగా చూస్తుంటాం.

ఇంకోటి. మాక్యులా వాపు ఉంటే పయోగ్లిటజోన్ అనే షుగర్ మాత్ర వాడుతున్న సంగతి డాక్టరుకి చెప్పండి, కొందరిలో ఆ వాపుని పెంచుతుంది. సొంతంగా మాత్రం మానేయకండి.

టైప్1_తమ్ముడు
నాకు తొమ్మిదేళ్ళప్పుడు వచ్చింది, ఇప్పుడు 33. పైన "టైప్ 1 ఇరవయ్యేళ్ళు దాటితే దాదాపు అందరికీ" అన్న లైను చదివి మా ఆవిడ ఫోన్ లాక్కుంది. నాకు ఉన్నది చిన్న చిన్న చుక్కలే, ఏళ్ళుగా అక్కడే ఆగాయి. 1993లో వచ్చిన డీసీసీటీ అనే పెద్ద అధ్యయనంలో, అప్పటికి కళ్ళు బాగున్న టైప్ 1 వాళ్ళు షుగర్‌ని గట్టిగా అదుపులో పెట్టుకుంటే రెటినోపతీ రావడం 76 శాతం తగ్గింది. నేను ఇంట్లో చెప్పుకునే అంకె అది.

ఒక్క జాగ్రత్త. చాలాకాలం పన్నెండు, పదమూడు ఉన్న హెచ్‌బీఏ1సీ ఒక్కసారిగా ఏడుకి దించితే మొదటి కొన్ని నెలలు కళ్ళు కాస్త పాడవచ్చు. ఆ తర్వాత మేలే. అందుకే ఇన్సులిన్ మొదలుపెట్టేముందు ఒకసారి రెటీనా చూపించమంటారు.

పల్నాటి_పిల్ల
మా అక్కకి కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చింది, ఆరో నెల. తనకీ ఈ పరీక్ష కావాలా?

నైట్‌డ్యూటీ
కడుపుతో ఉన్నప్పుడే కొత్తగా వచ్చిన షుగర్ అయితే మామూలుగా అవసరం లేదు. అంతకుముందే షుగర్ ఉండి గర్భం వస్తే మాత్రం మొదటి మూడు నెలల్లోనే చూపించాలి, ఆ సమయంలో వేగంగా ముదురుతుంది.

పల్నాటి_పిల్ల
థాంక్స్ అండీ. ఇంకో డౌటు. ఈమధ్య మా బాబాయి అద్దాలు మార్చిన నెలకే మళ్ళీ మసక అంటున్నాడు. ఇదేనా?

చుక్కలమందు
షుగర్ బాగా ఎక్కువగా ఉన్నప్పుడు పవర్ చూపించుకుని ఉంటాడు. షుగర్ ఎక్కి దిగుతుంటే కంటి లెన్స్ కూడా నీరు పట్టి పవర్ మారుతుంది. కొన్ని వారాలు షుగర్ నిలకడగా ఉన్నాక అద్దాలు చేయిస్తే డబ్బులు మిగులుతాయి. మసక మాత్రం ఒకసారి చూపించండి, శుక్లం కావచ్చు, షుగర్ వాళ్ళకి అది కాస్త ముందే వస్తుంది.

గోదారి_గట్టు
మా నాన్నకి మాక్యులా వాపు. కంట్లో ఇంజెక్షన్ అనగానే మా ఇంట్లో ఆడవాళ్ళందరూ ఒకేసారి ఏడుపు. భయపడేవాళ్ళ కోసం చెబుతున్నా. థియేటర్‌లోకి తీసుకెళ్ళి మత్తు చుక్కలు వేస్తారు. రెప్పలు మూతపడకుండా క్లిప్పు పెడతారు. బెటాడిన్‌తో కడిగినప్పుడు మంట, నాన్న గట్టిగా తిట్టింది ఆ బెటాడిన్‌నే. సూది పోయింది తనకి తెలియనే లేదట, కొంచెం నొక్కినట్టు అనిపించిందన్నాడు. సాయంత్రం దాకా కంటి ముందు ఒక నల్లటి బుడగ ఆడింది, మర్నాటికి పోయింది.

ఒక్కదానితో అయిపోదు, అదే తలనొప్పి. మొదట్లో నెలనెలా వేయాలి. అవాస్టిన్ అయితే బాగా చవక, అసలు అది కేన్సర్ మందు. ఐలియా అయితే దానికి ఎన్నో రెట్లు ఖరీదు.

సీమ_మిరప
చూశారా, కేన్సర్ మందు కంట్లో.

నైట్‌డ్యూటీ
ఆ మందు ఆపేది కొత్త నాళాలు మొలిపించే రసాయనాన్నే, కేన్సర్‌లో అయినా కంట్లో అయినా. అమెరికాలో 2015లో అవాస్టిన్, ఐలియాతో పాటు ఇలాంటిదే ఇంకోటి కలిపి మూడు మందుల్ని పోల్చారు. చూపు మరీ తగ్గనివాళ్ళలో మూడూ ఒకేలా పనిచేశాయి, బాగా తగ్గినవాళ్ళలో మొదటి ఏడాది ఐలియా కాస్త మెరుగు. కాబట్టి చవకది వేశారని చిన్నచూపు వద్దు.

హన్మకొండ_శీను
మా బాపుకు లేజర్ కొట్టిండ్రు. చూపు పెరుగుతదని ఆశపడి, పెరగలేదని డాక్టర్ మీద గరం అయిండు. ఉన్న చూపు నిలబెట్టడానికే అది అని ముందుగాల ఎవరన్నా చెబితే బాగుండు. రాత్రి చీకట్లో అంత మంచిగ కనిపిస్తలేదంటడు.

చుక్కలమందు
అవును, రెటీనా అంచుల్ని కాల్చి మధ్యభాగాన్ని కాపాడతారు. పక్కచూపు, రాత్రి చూపు కొంచెం తగ్గొచ్చు. శీను గారూ, గుండె కోసం బాపు గారు ఆస్పిరిన్ వాడుతుంటే రక్తం కారిందని భయపడి ఆపించకండి. దానివల్ల కంట్లో రక్తస్రావం పెరగలేదని ఈటీడీఆర్ఎస్ అని పాత పెద్ద అధ్యయనంలోనే తేలింది. బరువులు ఎత్తడం, తలకిందులుగా ఉండే ఆసనాలు మాత్రం డాక్టరు సరేననేదాకా వద్దు.

హన్మకొండ_శీను
ఆయన శీర్షాసనం వేసే రకం కాదు, కుర్చీల కెల్లి లేవడే.

గోదారి_గట్టు
ఇన్సూరెన్స్ సంగతి తెలిసినవాళ్ళు ఉన్నారా? ఇంజెక్షన్ క్లెయిమ్ పెడితే "ఇరవైనాలుగు గంటలు అడ్మిట్ కాలేదు" అని తిప్పి పంపారు.

లెక్కల_మాస్టారు
మళ్ళీ పెట్టండి. కంట్లో వేసే ఇంజెక్షన్లు ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆధునిక చికిత్సల జాబితాలో ఉన్నాయి, వాటిని పూర్తిగా మినహాయించకూడదని నిబంధన. కాకపోతే కంపెనీ ఒక పరిమితి పెట్టుకోవచ్చు. పాలసీ పుస్తకంలో "మోడ్రన్ ట్రీట్‌మెంట్" అన్న పేజీ వెతకండి. షుగర్ ముందునుంచీ ఉందని ప్రపోజల్ ఫారంలో రాశారా? ముందునుంచీ ఉన్న జబ్బులకి వెయిటింగ్ కాలం అయిపోయిందో లేదో కూడా చూడాలి.

గోదారి_గట్టు
రాశాం, అప్పుడే ప్రీమియం పెంచారు కూడా. వెయిటింగ్ కాలం నిరుడు అయిపోయింది.

లెక్కల_మాస్టారు
అయితే తిప్పి పంపిన ఉత్తరం, ఆ పేజీ రెండూ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. పాలసీ నంబరు, నాన్నగారి పేరు చెరిపేసి పెట్టండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కి రాద్దాం, వాళ్ళు కాదంటే ఇలాంటి ఫిర్యాదులు వినడానికి హైదరాబాద్‌లో అంబుడ్స్‌మన్ ఆఫీసు ఉంది.